పదకొండు చుట్లు

ఆవిడను వీధిలో అందరూ పిలుపులమ్మ అంటారు. అసలు పేరు ఏ రేషను కార్డులోనో ఉండే ఉంటుంది, అది పట్టుకుని పిలిచేవాళ్లు మాత్రం ఎవరూ మిగల్లేదు. ఈ పేరు ఎందుకు పడిందంటే, ఎవరు ఎప్పుడు పిలిచినా చేతిలో ఉన్నది ఉన్నచోటే పడేసి లేచి వచ్చేస్తుంది. "ఉండు, వస్తున్నా" అనో "ఒక్క నిమిషం" అనో ఆవిడ నోట విన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతే పోనీ, తలంతా సబ్బు నురుగై కళ్లలోకి కారితే కారనీ, పిలుపు చెవిన పడిందంటే మనిషి గుమ్మంలో ప్రత్యక్షం. ఈ వయసులో ఆ పరుగేమిటని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటుంది.

చేసే పని చూస్తేనేమో, మధ్యలో చెయ్యి వదలడానికి వీల్లేనిది. తెగిన తాళ్లు అతుకుతుంది. లారీల వాళ్లు, పడవల వాళ్లు, ఎత్తు గోడలకు వేలాడుతూ రంగులు వేసేవాళ్లు ఆవిడ వరండాలో తాళ్లు పడేసి పోతారు. తాడు రెండు కొసల్నీ పేటలు పేటలుగా విప్పి, మొనదేలిన కొయ్యమేకుతో సందు చేసి, ఒకదాని పేటని ఇంకోదాని సందులో దూర్చి బిగించుకుంటూ పోతే, ముడి అన్నదే లేకుండా రెండూ ఒక్క తాడైపోతాయి. వేలితో తడిమినా అతుకెక్కడో దొరకదు. కానీ సగంలో వదిలేస్తే పేటలన్నీ పురి విప్పుకుని వ్యవహారం మొదటికొస్తుంది. ఆవిడకి రోజుకి నాలుగైదుసార్లు మొదటికొచ్చేది.

"అమ్మా, ముందు నా తాడు నా మొహాన పారేసి తర్వాత నీ పలకరింపులు చూసుకోకూడదూ?" అని లారీ డ్రైవరు ఒకసారి నెత్తి కొట్టుకున్నాడు.

"నీ తాడుకేం తొందర నాయనా! అది ఎక్కడికీ పోదు. పిలిచినవాళ్లు అలా కాదుగా," అంది ఆవిడ. ఇదేం లెక్కో అతనికి అర్థం కాలేదు. ఇంట్లోవాళ్లకీ అర్థం కాలేదు గానీ, వాళ్లకి అలవాటైపోయింది.

ఇంట్లో ఉన్నదే ముగ్గురు. మందుల గిడ్డంగిలో పెట్టెలు సర్దే కూతురు పొద్దున పోయి సాయంత్రానికి వస్తుంది. పదో తరగతి చదివే మనవరాలు బడి నుంచి రాగానే లోపలి గదిలో పుస్తకాలు పరుస్తుంది. ఆ పిల్లే అమ్మమ్మని అందరికంటే ఎక్కువ పిలిచేది. అందులో ముప్పాతిక వంతు అల్లరి. "అమ్మమ్మా!" అని ఇల్లు ఎగిరిపోయేలా కేక పెట్టడం, ఈవిడ తాడు విసిరేసి ఆయాసపడుతూ వచ్చాక, "ఏం లేదు, నీ మొహం ఒకసారి చూద్దామని" అనడం. ఈవిడ "నీ అల్లరి తగలెయ్య!" అని నెత్తిమీద ఒక మొట్టికాయ వేసి, నవ్వుకుంటూ పోయి అతుకు మళ్లీ మొదలుపెట్టడం. తర్వాతి కేకకి మళ్లీ అదే పరుగు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మనవరాలు పుస్తకం పట్టుకుని వరండాలోకే వచ్చి కూర్చుంది. మర్నాడు తెలుగు క్లాసులో ఒక కవితని విశ్లేషించి అందరి ముందూ చదవాలట. ఐదు మార్కులట.

"చదవవే, నేనూ వింటా," అంది ఆవిడ చేతిలో పని ఆపకుండానే. ఆవిడ చదువు కూడబలుక్కోవడం దగ్గరే ఆగిపోయింది. అందుకని మనవరాలు చదువుతుంటే వినడం ఇష్టం. భూగోళమైనా సరే, చెవి అప్పగించి వినేది.

పిల్ల గొంతు సవరించుకుని చదివింది.

"ఎర్ర మఫ్లరు చుట్టుకుని బాల్యం
తాళ్ల షెడ్డులో వెనక్కి వెనక్కి నడిచింది.
మూడు పేటలు ఒక్కటయ్యే చోట
చప్పుడు లేకుండా ఒరిగిపోయింది.
అవతలి కొసన అక్క నవ్వుతూనే ఉంది,
చక్రం తిరుగుతూనే ఉంది."

ఆవిడ చేతిలో కొయ్యమేకు ఆగిపోయింది.

"ఇప్పుడు గైడులో ఏముందో విను," అంది పిల్ల. "ఎర్ర మఫ్లరు అమాయకమైన బాల్యానికీ, రాబోయే రక్తపాతానికీ సంకేతము. అక్క నవ్వు కార్మిక బాలల పట్ల సమాజము చూపే నిర్దయకు ప్రతీక. ఆమె హృదయము పాషాణము."

ఈ గైడులు రాసేవాళ్లకి ఎవరో గట్టిగా చెప్పాలి. వీళ్లకి ఏ వస్తువూ ఆ వస్తువులా ఉండదు. చొక్కా చొక్కా కాదు, గొడుగు గొడుగు కాదు, అన్నీ దేనికో ఒకదానికి ప్రతీకలే. చచ్చిపోయిన పిల్లవాడి మెడలో మఫ్లరు ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్న ప్రశ్న ఒక్కడికైనా తట్టదు.

"సంకేతమేమిటే!" అంది ఆవిడ. గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. "వాడికి జలుబు చేసింది. ఎరుపు కూడా కాదు, ఆకుపచ్చ."

అనేశాక నాలుక కరుచుకుంది. యాభై ఏళ్లు కడుపులో దాచుకున్నది, ఒక రంగు తప్పు రాశారని నోరు జారి బయటపడింది.

పిల్ల పుస్తకం మీంచి తలెత్తింది. "నీకెలా తెలుసు?"

"ఏదోలేవే. మఫ్లరు అంటే నాకు ఆకుపచ్చే గుర్తొస్తుంది."

"జలుబు చేసిందన్నావు. వాడికి అన్నావు. ఎవరికి?"

ఆవిడ మేకుని మళ్లీ పేటల సందులో దూర్చబోయింది. పిల్ల వదిలే రకం కాదు. పుస్తకం తిప్పి కవిగారి గురించి అచ్చేసిన నాలుగు వాక్యాలూ చదివింది. తండ్రి ఈ ఊరి తాళ్ల కర్మాగారంలో గుమాస్తా. బాల్యమంతా ఆ ఆవరణలోనే గడిచింది. చదువుతున్నకొద్దీ పిల్ల గొంతు నెమ్మదించింది. ఆ తాళ్ల కర్మాగారంలో అమ్మమ్మ చిన్నప్పుడు పనిచేసిందని ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మమ్మకి ఒక తమ్ముడు ఉండేవాడనీ, పదేళ్లకే జ్వరం వచ్చి పోయాడనీ కూడా తెలుసు. జ్వరం అని చెప్పింది అమ్మమ్మే.

"అమ్మమ్మా, ఈ అక్క నువ్వేనా?"

షెడ్డు వైపున్న గుమాస్తా గది కిటికీ ఆవిడ కళ్లముందు కదిలింది. దాని అద్దానికి ముక్కు ఆనించి ఎప్పుడూ ఒక కళ్లజోడు పిల్లవాడు నిలబడేవాడు. షెడ్డు పిల్లలతో ఆడకూడదని వాళ్ల నాన్న కట్టడి. తమ్ముడు అటు వెళ్లినప్పుడల్లా నాలుక బయటపెట్టి వాణ్ణి వెక్కిరించేవాడు. ఆ కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. అందుకే ఆ కళ్లజోడు పిల్లవాడికి అద్దంలోంచి అన్నీ కనబడ్డాయి, ఏదీ వినబడలేదు.

ఆ నవ్వు ఎవరూ చూడలేదనే ఇన్నాళ్లూ ఆవిడ ధైర్యం. చూసినవాడు ఒకడున్నాడు. చూసి ఊరుకోకుండా పుస్తకంలోకి ఎక్కించాడు. ఊళ్లో పిల్లలందరూ రేపు దాన్ని ఐదు మార్కులకి విశ్లేషిస్తారు.

"నేనే," అంది.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే అమ్మమ్మ తరఫున వకాల్తా పుచ్చుకుంది. "అయితే ఈ గైడు శుద్ధ తప్పు! కవితలోనే ఉంది కదా, చప్పుడు లేకుండా ఒరిగిపోయిందని. అరవకపోతే నీకెలా తెలుస్తుంది? నువ్వు ఇంకేదో తలుచుకుని నవ్వుంటావు. అదే రాస్తా. అంతేగా అమ్మమ్మా?"

అంతే అనేస్తే సరిపోయేది. ఆ కళ్లజోడు పిల్లవాడు తనకి తెలియకుండానే ఆవిడకో దారి వదిలాడు. అందులోంచి నడిచి వెళ్లిపోవచ్చు, మనవరాలు ఎప్పటిలాగే మనవరాలుగా మిగులుతుంది. ఈ ఒక్క పిల్ల తనని అసహ్యించుకుంటే ఇంక బతికి ఏం లాభం అని ఆవిడకి అనిపించింది. అనిపించి కూడా, ఆ అబద్ధం రెండోసారి ఆడటానికి నోరు రాలేదు. మొదటిసారి అప్పట్లో తన కన్నతల్లి దగ్గర ఆడింది. "నాకేం వినబడలేదమ్మా" అని. ఆ తల్లి నమ్మింది, ఆ నమ్మకంతోనే పోయింది.

"అరిచాడే," అంది ఆవిడ. "రెండుసార్లు."

ఆవిడ అప్పుడు కిటికీ పిల్లవాడితో సహా అంతా వరసగా చెప్పుకొచ్చింది.

తాడు అల్లే షెడ్డు రెండొందల అడుగుల పొడవు. ఒక కొసన చక్రం ఉంటుంది. దానికి మూడు కొక్కేలు, కొక్కేలకి మూడు పేటలు. చక్రం తిప్పితే పేటలకి పురి ఎక్కుతుంది. తిప్పేది పదమూడేళ్ల అక్క. మూడు గాడులు తీసిన చెక్కముక్కని పేటల మధ్య పట్టుకుని మెల్లగా జరుపుకుంటూ పోయేవాడు పదేళ్ల తమ్ముడు. ఆ చెక్క వెనకాలే పేటలు చుట్టుకుని తాడవుతుంది. తిప్పేవాళ్ల వీపు షెడ్డు వైపు ఉంటుంది, వెనక ఏం జరుగుతోందో కనబడదు. గంట కొడితేనే ఆపాలి, అదీ నియమం. మధ్యలో ఆపారంటే పురి ఒకచోట పోగుపడి తాడుకి బొడిపె వస్తుంది. అప్పుడు మొత్తం విప్పి మళ్లీ అల్లాలి. ఆ పొద్దు ఎవరూ వేళకి ఇంటికి పోరు. షెడ్డంతా తిట్టిపోస్తుంది.

"మీ తాతకి..." అని ఆగి, "అదేలే, వాడు బతికుంటే నీకు తాత వరసేగా... వాడికి ఆ నడక విసుగు. మధ్యలో 'అక్కా, ఆపు!' అని కేక పెట్టేవాడు. నేను చక్రం ఆపి పరిగెత్తుకుంటూ పోయేదాన్ని. ఏమైందిరా అంటే, 'ఊరికే' అనేవాడు. ఆ ఊరికే అన్నప్పుడు వాడి మొహం చూడాలి నువ్వు! చంపేద్దామన్నంత కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది."

ఆ వారంలో రెండుసార్లు అలా ఆపించాడు. రెండోసారి మేస్త్రీ అగ్గిమీద గుగ్గిలం అయిపోయాడు. ఇంకొక్కసారి బొడిపె కనబడితే అక్కనీ తమ్ముణ్ణీ కలిపి గేటు బయటికి గెంటిస్తానన్నాడు. మర్నాడు పొద్దున తమ్ముడికి ముక్కు కారుతోంది. అక్క అమ్మ పాత శాలువాలోంచి ఒక పీలిక చించి వాడి మెడకి రెండు చుట్లు చుట్టింది. అదే ఆ ఆకుపచ్చ మఫ్లరు. చుడుతూ చెప్పింది, "ఇవాళ నువ్వు గొంతు చించుకున్నా నేను ఆపను. తెలిసిందా?" వాడు ముక్కు ఎగబీల్చి, "చూద్దాంలే," అన్నాడు.

"మధ్యాహ్నం అరిచాడు. 'అక్కా, ఆపు!' అన్నాడు. మొదలెట్టాడురా వీడు అనుకుని నవ్వుకుంటూ తిప్పా. మళ్లీ 'అక్కా' అన్నాడు. ఈసారి ఆపు అనలేదు. ఇవాళ నేనే గెలిచా అనుకున్నా. వాడు ఎంత ఉడుక్కుంటున్నాడో తలుచుకుని ఇంకా నవ్వొచ్చింది. మొదటి కేక నుంచే పంతానికి చుట్లు లెక్కపెడుతున్నా. గంట మోగేదాకా పదకొండు. మఫ్లరు కొస పేటల్లో పడింది. నేను తిప్పిన ప్రతి చుట్టూ దాన్ని బిగించింది."

పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మేస్త్రీ మంచివాడే," అంది ఆవిడ. "నా నెత్తిమీద చెయ్యి వేసి, మొదటి చుట్టుకే ప్రాణం పోయిందమ్మా, మిగతావాటిలో నీ తప్పేం లేదు అన్నాడు. మొదటి చుట్టుకే పోయినవాడు రెండోసారి ఎలా పిలిచాడే? ఈ యాభై ఏళ్లూ అదే ఆలోచిస్తున్నా."

సాయంత్రం కూతురు గిడ్డంగిలో ఆదివారం డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి వరండాలో తాడు విప్పిన పేటలతో అలాగే పడి ఉంది. పిల్ల లోపలి గదిలో తలుపు దగ్గరికేసుకుని రాస్తోంది. "ఏమైంది, ఇద్దరూ పోట్లాడుకున్నారా?" అని కూతురు అడిగితే, "రాసుకుంటోందిలే," అంది ఆవిడ. ఆ పిల్ల ఏం రాస్తోందో అడిగే ధైర్యం లేకపోయింది. పాషాణం అన్న మాట అచ్చులో ఎలాగూ ఉంది. అదే ఎత్తి రాసినా తను కాదనలేదు.

సోమవారం సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి, నోటు పుస్తకం తెరిచి అమ్మమ్మ ఒళ్లో పెట్టింది. ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. "అక్క నవ్వింది, ఎందుకంటే తమ్ముడు ఆడుతున్నాడనుకుంది. కిటికీ మూసి ఉండటం వల్ల కవికి పిలుపు వినబడలేదు. అక్కకి ఇప్పటికీ వినబడుతూనే ఉంది." కింద ఎర్ర సిరాతో, ఐదుకి ఒకటి. పక్కన టీచరమ్మ రాసిన మాట, "కవితలో ఆధారం లేదు. ఊహించి రాయరాదు."

"ఊహ అని ఎలా అంటుందే ఆవిడ?" అంది అమ్మమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"నీ పేరు చెప్పడం నాకిష్టం లేకపోయింది. పోతే పోనీ, ఒకటి వచ్చిందిగా," అని పిల్ల మెల్లగా లోపలికి వెళ్లిపోయింది.

అక్కడితో గండం గడిచిందనే అనుకుంది ఆవిడ. గడవలేదు. మనవరాలు పిలవడం మానేసింది. ఏదైనా కావాల్సొస్తే పిల్లిలా అడుగులేసుకుంటూ వచ్చి, ఎదురుగా కూర్చుని, అతుకు పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు అడిగేది. వీధి పిల్లలు గోడ అవతల నుంచి "పిలుపులమ్మా!" అని కేక పెట్టబోతే కసిరి తరిమేసింది. ఇల్లు మూగబోయింది. లారీ డ్రైవరు వచ్చి, తన తాడు అన్నరోజుకే సిద్ధంగా ఉండటం చూసి నోరు తెరిచాడు. "ఏంటమ్మా, ఇన్నాళ్లకి నా మీద దయ కలిగిందా?" అన్నాడు. ఆవిడ తాడు అతని భుజాన వేసింది. నాలుగు రోజుల్లో ఏడు తాళ్లు పూర్తయ్యాయి. ఒక్కటీ మొదటికి రాలేదు. పని ఇంత సాఫీగా సాగడం జన్మలో ఎరగదు, ఇంత దిగులూ ఎరగదు. చెవులు రిక్కించుకుని కూర్చునేది. లోపలి గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. చక్రం ఆపాక షెడ్డులో కూడా ఇలాగే ఉండింది.

శుక్రవారం సాయంత్రం ఇంక ఉండబట్టలేక తనే లేచి లోపలికి వెళ్లింది.

"నామీద కోపమైతే తిట్టవే, పడతా. ఇలా నోరు కట్టేసుకుంటే నేను తట్టుకోలేను."

"కోపమా!" పిల్ల ఏడుపు మొహం పెట్టింది. "నేను ఎన్నిసార్లు ఊరికే పిలిచాను అమ్మమ్మా! ఊరికే, నవ్వుకోవడానికి. పిలిచినప్పుడల్లా నీకు అదంతా... నాకు తెలిస్తే పిలిచేదాన్నా? నేను ఎంత పాపిష్టిదాన్నో!"

ఆవిడ మంచం మీద పక్కన కూర్చుంది. కొయ్యమేకు ఇంకా చేతిలోనే ఉంది.

"పిచ్చిదానా," అంది. "నువ్వు పిలిచినప్పుడల్లా ప్రాణం ఎగిరిపోయేది, నిజమే. అబద్ధమెందుకు? పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని. వచ్చి చూస్తే నువ్వు మంచం మీద కాళ్లూపుకుంటూ ఇకిలిస్తూ ఉండేదానివి. ప్రతిసారీ బాగానే ఉండేదానివే. నాకు అంతకంటే ఏం కావాలి? నువ్వు పిలవకపోతేనే భయంగా ఉంది."

పిల్ల ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ కూడా ఏడ్చింది. తర్వాత ఇద్దరూ ముక్కులు తుడుచుకుని ఎవరి పనికి వాళ్లు పోయారు.

మర్నాడు సెలవు. రంగులవాళ్ల తాడు అర్జంటుగా కావాలన్నారు. మనుషులు వేలాడే తాడు, పేటలు మూడూ విప్పి అతుకు సగందాకా తెచ్చింది. అంతలో లోపలి గదిలోంచి ఇల్లు అదిరేలా వినబడింది.

"అమ్మమ్మా! ఆపు!"

తాడు చేతుల్లోంచి జారి, పురి విప్పుకుంటూ వరండా మీద పరుచుకుంది. ఆవిడకి గుమ్మం ఎలా దాటిందో తెలియదు. మనవరాలు మంచం మీద మఠం వేసుకుని కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి, పెదాలు బిగపట్టుకుంది, కానీ పారిపోకుండా ఆవిడ వైపే చూస్తోంది.

"ఏమైందే?" అంది ఆవిడ ఆయాసపడుతూ.

"ఊరికే," అంది పిల్ల.

ఆవిడ తలుపు పట్టుకుని చాలాసేపు ఆ మొహంలోకే చూస్తూ నిలబడింది. "నీ అల్లరి తగలెయ్య," అని, దగ్గరికి వెళ్లి నెత్తిమీద ఒక మొట్టికాయ వేసి, తాడు మళ్లీ మొదటి నుంచి అతకడానికి వరండాలోకి వచ్చింది.